గుండెపోటుకు గుండె డాక్టరే కావాలా? డాక్టర్ల చదువుల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఈసీజీ తీసి ‘గుండెపోటు’ అని చెప్పగానే వెంట వచ్చినవాళ్ళు అడిగే మొదటి మాట: "మీరు గుండె డాక్టరేనా బాబూ?" కాదు, జనరల్ మెడిసిన్ అంటే రెండో మాట: "అయితే వైజాగ్ పట్టుకెళ్ళిపోతాం, రాసిచ్చీండి." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్యాజువాలిటీ డ్యూటీ చేసే ఏ డాక్టరుకైనా ఈ రెండు మాటలూ కంఠతా వచ్చు. భయంలో ఉన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోలేం. కానీ ఆ రెండో మాటకి ప్రాణాలు పోతున్నాయి కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

అపోహ: ఎండీ జనరల్ మెడిసిన్ అంటే జ్వరాలు, షుగరు చూసే చిన్న డాక్టరు. గుండెపోటుకి కార్డియాలజిస్టే చెయ్యి వెయ్యాలి.

వాస్తవం: కార్డియాలజిస్టుల్లో ఎక్కువమంది కూడా ముందు ఎండీ జనరల్ మెడిసిన్ చేసినవాళ్ళే. నాలుగున్నరేళ్ళ ఎంబీబీఎస్, ఏడాది హౌస్‌సర్జన్సీ, మూడేళ్ళ ఎండీ, ఆ పైన మరో మూడేళ్ళ డీఎం (ఎండీ మీద చదివే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ). ఆ చివరి మూడేళ్ళలో నేర్చుకునే పెద్ద పని యాంజియోగ్రామ్ (గుండె నాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే), స్టెంటు (మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) లాంటివి. ఈసీజీ చదివి, గుండెపోటు అని తేల్చి, గుండె నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇవ్వడం మాత్రం ఎండీలోనే ఐసీసీయూ (గుండె రోగుల ఐసీయూ) డ్యూటీల్లో చేతికి వచ్చేస్తుంది. శిక్షణ ఉంటే ఎంబీబీఎస్ డాక్టరు కూడా, ఈసీజీని వాట్సాప్‌లో కార్డియాలజిస్టుకి పంపి, ఆయన సరేనంటే ఇస్తారు.

ఇక గడియారం లెక్క. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన రకం గుండెపోటులో (ఈసీజీ గీతలో ‘ఎస్‌టీ’ అనే భాగం పైకి లేచినది) నాళం తెరవడానికి రెండు దారులు: స్టెంటు, లేదా గడ్డ కరిగించే మందు. ఈసీజీలో తేలిన దగ్గర్నుంచి 120 నిమిషాల్లో క్యాథ్‌ల్యాబ్‌లో (స్టెంటు వేసే గదిలో) నాళం తెరవగలిగితే స్టెంటే మేలు. అంత వేగంగా కుదరదనుకుంటే ఉన్నచోటే మందు ఇచ్చేయాలి. పలాస నుంచి విశాఖ దాదాపు 180 కిలోమీటర్లు, ఎంత తోలినా మూడు గంటలు. ఇచ్ఛాపురం అయితే ఇంకా పైనే. దానికి తోడు కారు మాట్లాడటం, డబ్బు సర్దడం, అక్కడ మళ్ళీ చీటీ రాయించి మళ్ళీ ఈసీజీ తీయించడం. విజయనగరం టౌను సంగతి వేరు. అక్కడి నుంచి సుమారు 60 కిలోమీటర్లే, ముందే ఫోన్ చేసి క్యాథ్‌ల్యాబ్ సిద్ధం చేయిస్తే నేరుగా వెళ్ళడం సబబే. కానీ ఆ నిర్ణయం డాక్టరు తీసుకోవాలి, కారు డ్రైవరు కాదు.

మందు పని చేసేది నొప్పి మొదలైన 12 గంటల లోపు. మొదటి రెండు మూడు గంటల్లో దాని బలం వేరు. తర్వాత గడ్డ గట్టిపడిపోతుంది, ఈలోగా కండరమూ చచ్చిపోతుంటుంది. టెనెక్టిప్లేస్ అయితే బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, ఒక్కసారిగా నరంలోకి, పది సెకన్ల పని. 75 ఏళ్ళు దాటినవాళ్ళకి సగం డోసు. స్ట్రెప్టోకైనేజ్ అయితే 15 లక్షల యూనిట్లు, గంట లోపు సెలైన్‌లో ఎక్కిస్తారు. ప్రభుత్వాసుపత్రిలో ఇస్తే మందుకి డబ్బు కట్టనక్కర్లేదు. ఇచ్చాక 60 నుంచి 90 నిమిషాలకి మళ్ళీ ఈసీజీ తీస్తారు. పైకి లేచిన ఎస్‌టీ సగానికి పైగా దిగితే నాళం తెరుచుకున్నట్టు లెక్క. దిగకపోతే ఆలస్యం లేకుండా స్టెంటుకి పంపాలి. దిగినా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయించాలి. అంటే వైజాగ్ వెళ్ళొద్దని ఎవరూ అనట్లేదు, మందు పడ్డాక వెళ్ళమంటున్నాం.

అందరికీ ఇస్తామా? ఇవ్వం. ఎప్పుడైనా మెదడులో రక్తం చిట్లినవాళ్ళకి, ఇటీవల పక్షవాతం వచ్చినవాళ్ళకి, పెద్ద ఆపరేషన్ జరిగినవాళ్ళకి, ఒంట్లో ఎక్కడైనా రక్తస్రావం ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. నాళం పూర్తిగా మూసుకుపోని రకం గుండెపోటుకి ఈ మందు అసలు పనికిరాదు. మందు పడ్డ వందమందిలో సుమారు ఒకరికి మెదడులో రక్తం చిట్లే ప్రమాదం ఉంది. సంతకం పెట్టించుకునేది దానికే. ఆ కాగితం చూసి భయపడి మనిషిని దింపుకుపోతారు, అక్కడే దెబ్బ తింటాం.

ఇంటి దగ్గర జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, ‘గ్యాసు’ అనుకుని ఊళ్ళో పిర్రకి డైక్లోఫెనాక్ సూది వేయించడం. కండకి సూది పడ్డాక గడ్డ కరిగించే మందు ఇస్తే ఆ చోట రక్తం గూడు కడుతుంది. నొప్పి కాస్త తగ్గితే ఇంకో రెండు గంటలు ఇంట్లోనే గడిచిపోతాయి, అది మరీ నష్టం. రెండోది, పక్కింటాయన సార్బిట్రేట్ (రక్తనాళాలని సడలించే) మాత్ర నాలుక కింద పెట్టడం. బీపీ పడిపోయి ఉన్న మనిషికి అది ప్రమాదం. అలర్జీ, కడుపులో రక్తస్రావం లేకపోతే ఆస్పిరిన్ సుమారు 300 మిల్లీగ్రాములు (75వి అయితే నాలుగు) నమిలి మింగించి 108కి ఫోన్ చేయండి. నొప్పి ఎన్నింటికి మొదలైందో చేతి మీద రాసుకున్నా మంచిదే. మిమ్మల్ని పై ఆసుపత్రికి పంపే కాగితంలో ఆ టైము, ఈసీజీలు, ఏ మందు ఎంత ఎన్నింటికి ఇచ్చారో ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోండి.

పాముకాటుకీ ఇదే మాట. విషానికి విరుగుడు మందు మొదటి డోసు, మామూలుగా పది వయల్స్, ఇవ్వడానికి ఎంబీబీఎస్ చాలు. మందున్న దగ్గరి ఆసుపత్రిని దాటేసి పెద్ద డిగ్రీని వెతుక్కుంటూ పోతే దారిలోనే కట్లపాము విషానికి ఊపిరి ఆగుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

బోర్డు మీద ఎండీ అని ఉంటే చాలదు. రష్యా, ఉక్రెయిన్ వైపు ఇచ్చే ‘ఎండీ ఫిజీషియన్’ మన ఎంబీబీఎస్‌తో సమానం, స్పెషలిస్టు డిగ్రీ కాదు. అక్కడ చదివొచ్చినవాళ్ళు ఇక్కడి ఎఫ్ఎంజీఈలో (విదేశాల్లో చదివిన డాక్టర్లకి పెట్టే పరీక్షలో) 300కి 150 తెచ్చుకుని, రిజిస్ట్రేషన్ చేయించుకునే వైద్యం చేస్తారు. వాళ్ళని చిన్నచూపు చూడక్కర్లేదు, స్పెషలిస్టులని పొరబడనూ అక్కర్లేదు. డీఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పీజీ డిగ్రీ) అంటే ‘తక్కువ రకం ఎండీ’ అనేది వట్టి పుకారు. షుగరు స్పెషలిస్టు అన్న బోర్డు కింద కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉండొచ్చు. షుగరు, హార్మోన్ల జబ్బుల మీద ఎండీ తర్వాత మూడేళ్ళు డీఎం చదివినవారిని ఎండోక్రైనాలజిస్టు అంటారు. అనుమానముంటే చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు చూసి, జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులోని రిజిస్టర్‌లో పేరు కొట్టండి.

ఆర్ఎంపీ (రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్) అన్న మాట అసలు కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టర్లది. మన ఊళ్ళలో అది చదువు లేని వైద్యానికి పేరైపోయింది. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనొక్కడే, ఆ సంగతి కాదనలేం. బీపీ చూడమనండి, 108ని పిలవమనండి. సూది మాత్రం వేయనివ్వకండి.

‘మత్తు డాక్టరు సూది వేసి వెళ్ళిపోతాడు’ అనేవాళ్ళకి: ఆపరేషన్ అయ్యేదాకా మీ ఊపిరి, బీపీ ఆయన చేతిలోనే ఉంటాయి. అదీ మూడేళ్ళ ఎండీయే.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ళకి ఒక మాట. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే రక్తపరీక్ష) పెరిగిందని యూరాలజిస్టు దగ్గరికి పోతున్నారు. ఆయన రాళ్ళు, ప్రోస్టేట్, మూత్రనాళాలకి ఆపరేషన్ చేసే సర్జను. కిడ్నీ పని తగ్గితే చూసేది నెఫ్రాలజిస్టు, అంటే ఎండీ తర్వాత డీఎం. నరాలకీ ఇదే తేడా: పక్షవాతం, మూర్ఛ అయితే న్యూరాలజిస్టు, మెదడుకి కోత పడాలంటే న్యూరోసర్జను. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది, ప్రతిసారీ విశాఖ బస్సెక్కాల్సిన పని లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఈ కిడ్నీ జబ్బు చాలామందిలో కాళ్ళ వాపు, బీపీ లేకుండానే ముదిరిపోతుంది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత క్రియాటినిన్ కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టి, వాడిన నొప్పి మాత్రల అట్టలు కూడా సంచీలో వేసుకుని వెళ్ళండి.