స్ఫటికీకరణ జరిగిన బయోయాక్టివ్ గాజు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు నగరాల్లోని దంతవైద్యులతోనూ, ఎముకల శస్త్రవైద్యులతోనూ బయోయాక్టివ్ గాజు (ఎముకతో బంధం ఏర్పరచుకునే గాజు) గురించి, వేడిచేసినప్పుడు అందులో స్ఫటికాలు ఏర్పడటం గురించి మాట్లాడేటప్పుడు కొన్ని అభిప్రాయాలు తరచుగా వినిపిస్తాయి. చికిత్సకు సరైన పదార్థాన్ని ఎంచుకోవడానికి అవి అడ్డుపడుతున్నాయి కనుక వాటిని వివరంగా పరిశీలించడం అవసరం.

అపోహ: స్ఫటికాలు ఏర్పడితే ఆ గాజు ఎముకతో బంధం ఏర్పరచుకోలేదు.

వాస్తవం: బంధం ఏర్పడటం ఆలస్యమవుతుందే తప్ప ఆగిపోదు. 1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన 45ఎస్5 అనే బయోయాక్టివ్ గాజులో బరువు ప్రకారం 45 శాతం సిలికా, సోడియం ఆక్సైడ్, కాల్షియం ఆక్సైడ్ చెరి 24.5 శాతం, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 6 శాతం ఉంటాయి. సిలికా తక్కువగా ఉండటం వల్ల దీని పరమాణువుల అల్లిక వదులుగా ఉంటుంది. శరీర ద్రవం తగిలిన వెంటనే సోడియం అయాన్లు బయటికి వచ్చి, ఉపరితలంపై ముందు సిలికా జెల్ పొర, ఆపైన ఎముక ఖనిజాన్ని పోలిన అపటైట్ పొర ఏర్పడతాయి. వేడిచేసినప్పుడు ఇందులో ప్రధానంగా పుట్టే సోడియం కాల్షియం సిలికేట్ స్ఫటికాల్లో పరమాణువులు క్రమబద్ధంగా అమరి ఉంటాయి కాబట్టి ఈ అయాన్ల మార్పిడి నెమ్మదిస్తుంది. అయితే ఆ స్ఫటికాలు కూడా శరీర ద్రవంలో కరిగేవే. పూర్తిగా స్ఫటికీకరించిన నమూనాలపై సైతం అపటైట్ ఏర్పడుతుంది. ఫాస్ఫేట్‌లో ఎక్కువ భాగం స్ఫటికాల మధ్య మిగిలిన గాజులోనే ఉంటుంది కనుక, స్ఫటికాల శాతం ఒక్కటే చూసి కరుగుదలను అంచనా వేయడం తొందరపాటని నా అభిప్రాయం.

అపోహ: స్ఫటికాలు పెరిగేకొద్దీ బలమూ పెరుగుతుంది.

వాస్తవం: ఇక్కడ అసలు విషయం ఏది ముందు జరిగిందన్నదే. గాజు పొడిని సింటరింగ్ చేసేటప్పుడు (వేడితో రేణువులను ఒకే ముక్కగా అతికించేటప్పుడు), మెత్తబడిన గాజు రేణువుల మధ్యకు ప్రవహించి ఖాళీలను పూడ్చాలి. 45ఎస్5లో ఆ పని పూర్తికాకముందే స్ఫటికాలు మొదలై ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. రంధ్రాలు మిగిలిపోతాయి, ఎన్ని స్ఫటికాలున్నా ముక్క పెళుసుగానే ఉంటుంది. ముందు ఖాళీలు పూడి, తరువాత సన్నని స్ఫటికాలు సమంగా పరచుకుంటే మాత్రం పగులు సూటిగా సాగలేదు. జపాన్‌లో కొకుబో అనే శాస్త్రవేత్త బృందం రూపొందించిన అపటైట్-వొలాస్టొనైట్ గాజు-సిరామిక్ (ఆ రెండు ఖనిజాల స్ఫటికాలున్న గాజు) వంపు బలం, అంటే వంచినప్పుడు విరగకుండా తట్టుకునే బలం, సుమారు 215 మెగాపాస్కల్స్‌కు చేరడానికి ఈ సాంద్రమైన నిర్మాణం ఒక ముఖ్య కారణం.

అపోహ: స్ఫటికాల వల్ల కరుగుదల తగ్గడం ఎప్పుడూ లోపమే.

వాస్తవం: అది ఉపయోగాన్ని బట్టి ఉంటుంది. దంతాల సున్నితత్వానికి వాడే పొడికి వేగంగా కరగడమే కావాలి. దానిని సింటరింగ్ చేయనవసరం లేదు కనుక ఈ చర్చే రాదు. బరువు మోసే చోట పెట్టే ముక్క, కొత్త ఎముక పెరిగేవరకు తన బలాన్ని నిలుపుకోవాలి కాబట్టి అక్కడ నెమ్మదిగా కరగడమే మేలు. అందువల్ల కొనేముందు రసాయన కూర్పుతో పాటు ఎక్స్-రే వివర్తన (ఏ స్ఫటికాలున్నాయో తెలిపే పరీక్ష) ఫలితాన్నీ, రంధ్రాల శాతాన్నీ, శరీర ద్రవంలో నానబెట్టిన తరువాత కొలిచిన బలాన్నీ తయారీదారు నుండి తప్పక అడగాలి.