కుర్ర గుర్రానికి లాడాలు లేని శీతాకాలం

బ్రిటన్, ఐర్లాండ్ పల్లెల్లో అక్టోబరు, నవంబరు వచ్చేసరికి చాలా మూడేళ్ల గుర్రాలకు సెలవులు మొదలవుతాయి. అప్పటికి కొద్ది వారాల ముందే మొదటిసారి జీను వేయించుకుని, కళ్లెం పెట్టించుకుని, వీపు మీద మనిషిని మోయడం నేర్చుకున్న కుర్ర గుర్రాలివి. నాలుగు పాఠాలు ఒంటబట్టగానే లాడాలు పీకేసి, తోటి గుర్రాలతో కలిపి పచ్చిక బయళ్లలోకి తోలేస్తారు. మళ్లీ ఫిబ్రవరి, మార్చి దాకా జీను మాటెత్తరు.

మూడేళ్ల గుర్రం చూపులకు ఎదిగినట్టే ఉంటుంది. కాని దాని వెన్నుపూసల్లోని ఎదుగుదల పలకలు, అంటే ఎముక పెరిగే మెత్తటి భాగాలు, పూర్తిగా ఎముకగా మారడానికి ఐదారేళ్లు పడుతుంది. రౌతు కూర్చునేది ఆ వెన్ను మీదే. నోరు కూడా కుదురుగా ఉండదు. పాలపళ్లు ఊడి, ముందు పళ్లు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్లకు జతలు జతలుగా దిగుతుంటాయి. అందుకని సెలవు ఇవ్వడం తేలిగ్గానే అర్థమవుతుంది. లాడాలు ఎందుకు తీయాలన్నదే అసలు ప్రశ్న.

మన ఊళ్లలో లాడం అంటే ముందు ఎద్దు గుర్తొస్తుంది. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండేసి బిళ్లలు కొడతారు, అదీ తాళ్లతో కట్టి పడుకోబెట్టి. గుర్రానికి ఆ చీలిక లేదు. అది ఒక్కో కాలికి ఒక్కో వేలి మీద నడుస్తుంది. ఆ వేలి చివర చుట్టూ కమ్ముకున్న గోరే గిట్ట. గిట్ట గోడకు లోపలి వైపు దాదాపు 600 నిలువు రేకులుంటాయి, పుట్టగొడుగును తిరగేస్తే కనిపించే పొరల్లా. ఒక్కో రేకుకు మళ్లీ వందకు పైగా సన్నటి పిల్లరేకులు. ఇవన్నీ లోపలి ఎముకను అంటుకున్న కణజాలంతో పెనవేసుకుని ఉంటాయి. ఐదు క్వింటాళ్ల జంతువు ఆ పట్టు మీద వేలాడుతోందంటే అతిశయోక్తి కాదు.

గోడా అరికాలూ కలిసే చోట లేత రంగు గీత ఒకటి కనిపిస్తుంది. లాడం మేకు ఆ గీతకు బయటి వైపే దిగాలి. అక్కడ నరాలుండవు, రక్తముండదు, గుర్రానికి నొప్పి తెలియదు. గీత దాటి లోపలికి వెళ్లిందో, మర్నాటికి కుంటుతుంది. సరిగ్గా దిగిన మేకు వాలుగా పైకి పాకి, నేల నుంచి సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తున గోడ బయటికి పొడుచుకొస్తుంది. మొన తుంచేసి, మిగిలిన కొసను మడిచి అదుముతారు. లాడానికి ఆరేడు మేకులు. గిట్ట పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆరు వారాలకోసారి లాడం తీసి, గిట్ట చెక్కి, మళ్లీ కొట్టాలి. ప్రతిసారీ కొత్త చిల్లులు. ఏడాదంతా ఇలా సాగితే, గోడ పలచగా ఉన్న గుర్రానికి కింది అంచు జల్లెడలా తయారై పెచ్చులూడుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మన చేతిగోరు నెలకు 3 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. గుర్రపు గిట్ట 6 నుంచి 10 మిల్లీమీటర్లు. చలికాలంలో ఈ వేగం కొంత తగ్గుతుంది కాబట్టి 7 అనుకుందాం. మూడు నెలలకు 21 మిల్లీమీటర్లు. మేకులు తూట్లు పొడిచిన పట్టీ 2 సెంటీమీటర్లు. అంటే ఒక్క శీతాకాలం లాడం లేకుండా తిరిగితే ఆ దెబ్బతిన్న పట్టీ మొత్తం కిందికి దిగి, అరిగిపోయో చెక్కించుకునో పోతుంది. వసంతంలో మేకు కొట్టేవాడికి చిల్లుల్లేని గట్టి గోడ దొరుకుతుంది. నన్నడిగితే ఈ సెలవు వల్ల ఖాయంగా దక్కే లాభం ఇదే.

అదే లెక్క ఇంకో భ్రమనూ వదిలిస్తుంది. గిట్ట ముందు భాగం పైనుంచి నేల దాకా పూర్తిగా కొత్తగా రావాలంటే 9 నుంచి 12 నెలలు కావాలి. శీతాకాలం అయ్యేసరికి సరికొత్త పాదం వస్తుందని ఊరించేవాళ్ల మాట నమ్మక్కర్లేదు. ఆస్ట్రియాలోని లిపిజానర్ జాతి గుర్రాలకు రోజుకు 20 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ ఇచ్చి చూసిన పరిశోధనలో కూడా గిట్టలో తేడా తెలియడానికి దాదాపు 9 నెలలు పట్టింది. నవంబరులో పెట్టిన తిండి ఫలితం మరుసటి వేసవిలో గాని నేలను తాకదు.

లాడం తీసే పని దూరం నుంచి చూస్తే మోటుగా ఉంటుంది, దగ్గరికెళితే కాదు. పనివాడు ముందు మడిచిన మేకు కొసలను ఒక్కొక్కటిగా తెరుస్తాడు, లేదా ఆకురాయితో రాసేస్తాడు. తర్వాత పట్టకారును మడమ దగ్గర లాడం కిందికి దూర్చి, గిట్ట మధ్యవైపుకు వంచుతూ కొంచెం కొంచెంగా వదులు చేస్తాడు. బయటివైపుకు లాగితే మేకులతో పాటు గోడ కూడా పెచ్చులుగా వస్తుంది. లాడం ఊడాక గోడ అంచును ఆకురాయితో గుండ్రంగా తిప్పుతాడు. పదునుగా వదిలేస్తే మొదటి రాయికే చిట్లుతుంది. అరికాలి జోలికి మాత్రం పోడు. ఇన్నాళ్లూ లాడం ఎత్తు మీద ఉండి నేల తగలని అరికాలు అది. ఇక మీదట ఆ మందమే దానికి చెప్పు.

బ్రిటన్‌లో ఒక తమాషా ఉంది. 1975 నాటి చట్టం ప్రకారం అక్కడ రిజిస్టరైన పనివాళ్లే లాడాలు కొట్టాలి. సొంత గుర్రమైనా సరే, ఎమర్జెన్సీలో తప్ప యజమాని మేకు కొట్టకూడదు. లాడం వేయని గిట్టను చెక్కడం మాత్రం ఆ చట్టం కిందికి రాదు. దాంతో లాడాల్లేవు కదా, పనివాడితో పనేముందని కొందరు శీతాకాలమంతా అతణ్ని పిలవడమే మానేస్తారు. ఇది తప్పు. మెత్తటి నేల మీద ఊరికే తిరిగే గుర్రానికి అరుగుదల తక్కువ, పెరుగుదల ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కకపోతే అంచు బయటికి పరుచుకుని చీలికలు పడతాయి.

గిట్ట వెనక భాగానిది వేరే కథ. అరికాలి మధ్య వి ఆకారంలో రబ్బరులాంటి మెత్తటి భాగం ఉంటుంది, దాన్ని ఫ్రాగ్ అంటారు. దాని పైన కొవ్వు, పీచు, మృదులాస్థి కలిసిన దిండు. అడుగు పడినప్పుడల్లా మడమలు కొద్ది మిల్లీమీటర్లు విచ్చుకుంటాయి, ఎత్తగానే దగ్గరవుతాయి. అదురు అక్కడే చాలావరకు ఇంకిపోతుంది. 19వ శతాబ్దం మొదట్లోనే బ్రేసీ క్లార్క్ అనే ఇంగ్లిష్ పశువైద్యుడు ఈ కదలికను ఎత్తిచూపి, మేకులతో బిగించిన ఇనుము దాన్ని కట్టేస్తోందని గోలపెట్టాడు. మంచి పనివాళ్లు మేకులన్నీ గిట్ట ముందు సగంలోనే కొట్టి మడమలను వదిలేయడం ఈ కదలిక కోసమే. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ బౌకర్ ఆ దిండును ఏళ్ల తరబడి పరిశీలించాడు. పిల్ల గుర్రంలో అది మెత్తగా ఉండి, నేల ఒత్తిడి తగిలేకొద్దీ గట్టిపడుతుందని ఆయన అంటాడు. అదే నిజమైతే, పాదం ఇంకా తయారవుతున్న మూడు నాలుగేళ్ల వయసులో కొన్ని నెలలు నేల నేరుగా తగలడం వృథా పోదు.

అంతమాత్రాన లాడాన్ని విలన్ చేయనక్కర్లేదు. అరుగుదల పెరుగుదలను దాటిన చోటే అది పుట్టింది. మేకుల లాడాలు ఇంకా రాని కాలంలో, క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో, గ్రీకు సేనాని జెనోఫోన్ గుర్రాల గిట్టలు గట్టిపడటానికి వాటిని గుండ్రాళ్లు పరిచిన చోట నిలబెట్టమన్నాడు. బ్రిటన్ శీతాకాలంలో కరువైనది సరిగ్గా ఆ రాళ్లే. అక్కడంతా బురద. నెలల తరబడి నానిన గిట్ట మెత్తబడుతుంది, ఫ్రాగ్ పక్క గాడుల్లో ఫ్యూజోబ్యాక్టీరియం లాంటి, గాలి అవసరంలేని సూక్ష్మజీవులు చేరి నల్లగా కుళ్లుతుంది. ఆ కంపు ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. రోజూ గిట్టలు ఎత్తి శుభ్రం చేస్తే చాలామటుకు తప్పుతుంది. మంచు దట్టంగా కురిసే కెనడా, స్కాండినేవియాల్లో లాడం లేకపోవడం ఇంకో రకంగా కలిసొస్తుంది. లాడం చట్రంలో మంచు ఇరుక్కుని ఐస్ గడ్డలా బిగుస్తుంది, గుర్రం బంతుల మీద నిలబడ్డట్టు తూలుతుంది. ఉత్త గిట్టకు ఆ బెడద చాలా తక్కువ. తన్నులాటల సంగతి కూడా ఉంది. కొత్త మందలో కుర్ర గుర్రాలు తన్నుకోక మానవు. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ యూనివర్సిటీలో చనిపోయిన గుర్రాల కాలి ఎముకల మీద ఒకే వేగంతో దెబ్బలు వేసి చూశారు. సెకనుకు 8 మీటర్ల వేగంతో స్టీలు, అల్యూమినియం తగిలితే ఎక్కువ ఎముకలు విరిగాయి. గిట్ట పదార్థం తగిలితే విరగలేదు.

సెలవంటే కొట్టంలో కట్టేయడం కాదు, ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. మిషిగన్‌లోనే బ్రయన్ నీల్సన్ బృందం చేసిన పరిశోధనల్లో, కొట్టానికే పరిమితమైన కుర్ర గుర్రాల ఎముకల్లో ఖనిజాలు తగ్గాయి, బయట తిరిగినవాటికి ఆ నష్టం లేదు. రోజుకు ఒక్క చిన్న పరుగు కూడా ఎముకను గట్టిపరిచింది. పచ్చికలో ఒకదాన్నొకటి తరుముకునే గుర్రాలు ఈ వ్యాయామం ఎవరూ చెప్పకుండానే చేసుకుంటాయి. ఇక మేత విషయంలో, గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్లు ఊరికే అనలేదు. పని లేని గుర్రం కూడా చలిని కాచుకోవాలి, ఎదగాలి. దానికి ఎండుగడ్డి పుష్కలంగా కావాలి, గింజలు కాదు.

హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో పరిస్థితి దీనికి తలకిందులు. శీతాకాలం అక్కడ పందేల సీజన్, గుర్రాలకు తీరిక దొరికితే ఎండాకాలంలోనే. నేల పొడిగా, గట్టిగా ఉండే ఆ నెలల్లో బురద గొడవ ఉండదు గాని, లాడం తీసిన కొత్తలో అరికాలు కందడం, అంచులు పెచ్చులూడటం ఎక్కువ కావచ్చు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమయ్యేది సెలవు ముగిశాక. రౌతును మోస్తూ వేగంగా పరుగెత్తని నెలల్లో ఎముక ఆ బరువును మర్చిపోతుంది. మళ్లీ పని మొదలైతే శరీరం పాత ఎముకను ముందు తొలుస్తుంది, కొత్తది నింపడానికి నెలలు తీసుకుంటుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ పరిశోధకులు పందెపు గుర్రాల రికార్డులు పరిశీలిస్తే, రెండు నెలలు, అంతకు మించిన విరామం నుంచి తిరిగొచ్చిన తొలి వారాల్లోనే భుజం కింది ఎముక విరిగే ముప్పు ఎక్కువని తేలింది. గుండె, ఊపిరితిత్తులు త్వరగా పుంజుకుంటాయి, ఎముక వాటి వెనకే నడుస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మొదటి కొన్ని వారాలు నడకతోనే సరిపెడతారు. తారు రోడ్డు మీద పని పెరిగి, గిట్ట అరుగుదల పెరుగుదలను దాటుతున్నట్టు కనిపించినప్పుడే లాడాల పనివాడికి కబురు పెడతారు. శరీర బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే పడుతుంది కాబట్టి, కొందరు వాటికి మాత్రం కొట్టించి వెనక కాళ్లను వేసవి దాకా అలాగే వదిలేస్తారు.