ఎర్ర సిరా కింద సొంత మాట: బడిలో రచన నేర్పడం వెనుక కథ

హైదరాబాద్‌లో ఏ హైస్కూల్లోనైనా తొమ్మిదో తరగతి తెలుగు నోటుపుస్తకాలు తిరగేస్తే ఇలాంటి దిద్దుబాటు ఒకటైనా కంటపడుతుంది. పిల్ల రాసిన వాక్యం: ‘అమ్మమ్మోళ్ల ఊరికి పోతాంటె బస్సుల జాగ దొరకలే.’ దానికింద ఎర్ర గీత, పైన ‘బస్సులో స్థలం లభించలేదు’ అన్న సవరణ. తప్పు సరిదిద్దామని టీచరు అనుకుంటారు. పిల్లకు మాత్రం వేరే సంగతి అర్థమవుతుంది: ఇంట్లో మాట్లాడేది బడిలో పనికిరాదని. అక్కణ్ణుంచి ఆమె రాసే వాక్యాలన్నీ గైడులోంచే వస్తాయి. బడుల్లో సృజనాత్మక రచన ఎందుకు నిలదొక్కుకోలేదని అడిగితే టైం లేదనీ, మార్కుల పిచ్చి అనీ జవాబులొస్తాయి. రెండూ నిజమే. కానీ ఈ ఎర్ర గీత వయసు నూట పదేళ్ల పైమాటే.

వాడుక భాషలోనే రాయాలన్న వ్యావహారిక భాషోద్యమం అనగానే పండితుల వాదాలు గుర్తొస్తాయి. దానికి నిప్పంటుకున్నది పిల్లల కాంపోజిషన్ పేపరు దగ్గర. మద్రాసు ప్రెసిడెన్సీలో విద్యార్థి తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్నది తగువు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) నాటి గ్రాంథికమే కొలబద్దగా ఉండాలని ఒక పక్షం పట్టుబట్టింది. జయంతి రామయ్య పంతులు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించి ఆ పక్షానికి బలమిచ్చారు. ఇటు గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, ఇంగ్లీషు విద్యాధికారి యేట్స్, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ నిలబడ్డారు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ 1914లో గురజాడ రాసిన అసమ్మతి పత్రం ఆ పోరులో పెద్ద మైలురాయి. తాను మాట్లాడని భాషలో రాయమంటే పిల్లవాడు ఆలోచన వదిలేసి మాటల వేటలో పడతాడన్నదే ఆ వాదన సారం. ఆనాడు బడిలో గెలిచింది గ్రాంథికమే.

అప్పటికి హైదరాబాద్ నిజాం రాజ్యం. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. ఇక్కడ తెలుగు రాయడం నేర్చుకున్న చోటు బడికన్నా గ్రంథాలయమే ఎక్కువ. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అందుకు మొదటి మెట్టు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలుగు పరీక్షలు నడిపింది. భాష బతికితే చాలన్న ఆరాటంలో ఉన్నప్పుడు రాయడం ఎలా నేర్పాలన్న ప్రశ్న వెనక్కి పోవడం సహజం. ఆ తరాన్ని తప్పుపట్టడానికి లేదు.

ఆ తర్వాత పాఠ్యపుస్తకాలు వాడుక భాషలోకి మారాయి గానీ, అది కోస్తాలోని కొన్ని జిల్లాల వాడుక. బడిపలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరని కవి కాళోజీ జీవితమంతా చెప్పింది దీని గురించే. గురజాడ అసమ్మతి పత్రం రాసిన 1914లోనే, సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టారు. ఆ తేదీనే ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాం.

2005 జాతీయ విద్యా ప్రణాళిక చట్రం తర్వాత పుస్తకాల రూపం మారింది. ఇప్పటి తెలుగు వాచకంలో పాఠం చివర ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ అన్న విభాగం ఉంది. కవిత, సంభాషణ, లేఖ, కరపత్రం రాయమని అందులో అడుగుతారు. ఏడాది పొడవునా పిల్లల్ని అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనంలో నాలుగు నిర్మాణాత్మక పరీక్షలుంటాయి. ఒక్కోదానికి 20 మార్కులు. రాత పనులకు 5, ప్రాజెక్టుకు 5 అందులోనివే. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. దెబ్బతిన్నది అమలులో. లేఖకు స్థలం, తేదీ, సంబోధన, సంతకం ఉన్నాయా అని చూసి మార్కులేయడం తేలిక. లోపలి వాక్యం ఎవరిదో చూడటం కష్టం. కాబట్టి గైడు ప్రచురణకర్తలు లేఖల్ని అచ్చేసి అమ్మారు, పిల్లలు బట్టీపట్టారు. తెలంగాణ 2018 చట్టం బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది కూడా పదో తరగతి దాకానే. ఇంటర్లో మార్కుల కోసం చాలామంది సంస్కృతానికి మారిపోతారు. సొంతంగా ఆలోచించి రాయగల వయసొచ్చేసరికి తెలుగులో రాసే అవకాశమే పోతోంది. ఇది నిజంగా బాధపెట్టే సంగతి.

రాయడం నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలన్న మాట స్టాఫ్‌రూముల్లో తరచూ వినిపిస్తుంది. మన అలంకారశాస్త్రం అలా అనలేదు. పదకొండో శతాబ్దపు మమ్మటుడు కావ్యానికి శక్తి (పుట్టుకతో వచ్చే ప్రతిభ), నిపుణతలతోపాటు కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసే అభ్యాసాన్నీ కారణంగా చెప్పాడు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1936లో రచయితల వర్క్‌షాప్ మొదలుపెట్టింది. రాసినవారు మౌనంగా వింటుంటే మిగతావారు చర్చించడం దాంతో పేరుపడ్డ పద్ధతి. పదమూడేళ్ల పిల్లల మీద దాన్ని యథాతథంగా ప్రయోగిస్తే క్లాసు ముందు ఒక పిల్ల ఏడుస్తుంది, అంతే. వినేవాళ్లు రెండే మాటలు చెప్పాలన్న నియమం పెడితే అది పనిచేస్తుంది: ఏ వాక్యం గుర్తుండిపోయింది, ఎక్కడ అర్థంకాలేదు.

అంతకంటే పదునైన పనిముట్లు, అడిగినదానికల్లా అప్పటికప్పుడు పద్యం చెప్పే మన అవధానంలోనే ఉన్నాయి. దత్తపదిలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు సంబంధం లేని నాలుగు మాటలిచ్చి పద్యం చెప్పమంటాడు. క్లాసులో అదే నాలుగు మాటలు: రసీదు, గొడుగు, చెల్లె, పెరుగు. వీటితో ఎనిమిది వాక్యాలు రాయాలి. ‘వర్షం’ అని బోర్డు మీద రాసి కథ రాయమంటే యాభై మందీ ప్రకృతి పులకించిందనే రాస్తారు. రసీదు, పెరుగు ఇస్తే ఎవరి కిరాణా కొట్టు వాళ్లకు గుర్తొస్తుంది. నిషిద్ధాక్షరిలో అక్షరాన్ని నిషేధిస్తారు. క్లాసులో మాటల్ని నిషేధించాలి. ‘ఆనందం, బాధ, చాలా, అందంగా’ వాడొద్దంటే ‘నాన్న చాలా బాధపడ్డాడు’ అన్న వాక్యం ‘నాన్న అన్నం కలిపి అట్లనే కూసున్నడు’గా మారుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ తేడా ఒక్క పీరియడులో పట్టుబడుతుంది. చివరి పాదం ఇచ్చి పద్యం పూర్తిచేయమనే సమస్యాపూరణం మాత్రం కొంచెం జాగ్రత్తగా వాడాలి. చివరి వాక్యం ముందే ఇస్తే కొందరు దాన్ని నీతివాక్యంలా అతికించి వదిలేస్తారు. ‘ఆ తాళం పగలగొట్టింది మేమే’ లాంటి జరిగిన పని ఇవ్వాలి గానీ ‘ఐకమత్యమే బలం’ ఇవ్వకూడదు.

45 నిమిషాల పీరియడును ఇలా పంచుకోవచ్చు. మంచి కథలోంచి ఒక పేరా బిగ్గరగా చదవడానికి 5 నిమిషాలు, ఆపకుండా రాయడానికి 12, ముగ్గురేసి కూర్చుని ఒకరివొకరు చదువుకోవడానికి 13, తిరగరాయడానికి 15. సాధారణంగా ఎగరగొట్టేది ఈ చివరి 15 నిమిషాలే. తిరగరాత లేకపోతే నేర్చుకున్నది ఏమీ మిగలదు. కుడిపేజీలో మొదటి రాత, ఎదురుగా ఎడమపేజీలో రెండోది రాయిస్తే మార్పు కంటికి కనిపిస్తుంది. ఫోన్‌లో అడిగితే కథ వచ్చిపడే రోజుల్లో సొంత రాతకు సాక్ష్యం కూడా ఈ రెండు పేజీలే.

దిద్దడం దగ్గర అందరూ చేతులెత్తేస్తారు. 50 మంది ఉన్న సెక్షన్లో పుస్తకానికి 4 నిమిషాలు పెడితే 200 నిమిషాలు. నాలుగు సెక్షన్లయితే 13 గంటల పైనే. ఏ టీచరూ అంత సమయం పెట్టలేరు, పెట్టనక్కర్లేదు కూడా. సెక్షనుకు వారానికి పది పుస్తకాలు తీసుకుని, ఒక్కో దాంట్లో ఒక్క సంగతే చెప్పాలి: ‘ఇక్కడ బస్సు కండక్టర్ ఏమన్నాడో రాయి’ లాంటిది. మొదటి రాతలో ఒత్తులు, దీర్ఘాలు దిద్దితే పిల్లలు తెలిసిన స్పెల్లింగున్న మాటలే రాయడం మొదలుపెడతారు, వాక్యాలు కుంచించుకుపోతాయి.

మరి అక్షరదోషాల సంగతి? దానికి ఏడాది చివర ఒక పని పెట్టుకోవచ్చు. ఎనిమిది ఏ4 కాగితాలు సగానికి మడిచి మధ్యలో దారంతో కుడితే 32 పేజీల సంచిక అవుతుంది. అట్ట, విషయసూచిక పోను పాతిక మంది రచనలు పడతాయి, యాభై మందికి రెండు సంచికలు. ప్రూఫు పిల్లలే జంటలుగా చూడాలి. అచ్చులో తన పేరు కింద తప్పు పడుతుందంటే ‘ళ’కూ ‘ల’కూ తేడా వాళ్లే వెతుక్కుంటారు. కథనంలోనైనా, సంభాషణలోనైనా ‘జాగ దొరకలే’ అన్నది అలాగే అచ్చవ్వాలి.