నాన్నను నిద్ర లేపాలా?

ప్రియమైన పిల్లలకు, ఆశీస్సులు.

మీలో ఒక అమ్మాయి కిందటి వారం నాకో చిన్న ఉత్తరం రాసింది. "తాతయ్యా, పగలు ఎక్కువసేపు నిద్రపోతే షుగర్ వస్తుందని చదివాను. మా నాన్న సెలవు రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. లేపేయాలా?" అని అడిగింది. నీ పేరు రాయనులే తల్లీ. ఇదే బెంగ ఇంకొందరు పిల్లలకూ ఉంటుందని జవాబు అందరికీ కలిపి రాస్తున్నాను.

లేపొద్దు. ఎందుకు లేపొద్దో చెప్పాలంటే నాకు ఒక బిందె కావాలి.

మనలో ప్రతి ఒక్కరి లోపలా ఒక బిందె ఉందనుకోండి. హాయిగా నిద్రపోయి లేచిన పొద్దున అది ఖాళీగా ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపూ అందులో చుక్క చుక్కగా నీళ్లు పడుతూ ఉంటాయి. ఆ చుక్కల పేరు అడినోసిన్. మెదడు పని చేసేకొద్దీ పోగయ్యే పదార్థం అది. సాయంత్రమయ్యేసరికి బిందె బరువెక్కుతుంది. రాత్రి మన కళ్లు వాలిపోయేది ఆ బరువుకే. మనం నిద్రలో ఉండగా ఆ నీళ్లన్నీ ఒలికిపోయి, తెల్లారేసరికి బిందె మళ్లీ ఖాళీ అవుతుంది. పెద్దవాళ్లు కాఫీ తాగి నిద్ర ఆపుకుంటారు చూడండి, దాంతో బిందె ఏమీ ఖాళీ కాదు. బరువు తెలియకుండా ఉంటుంది, అంతే. నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

ఇక మధ్యాహ్నం సంగతి. ఆ వేళకు బిందె ఇంకా సగమే నిండి ఉంటుంది. అయినా కునుకు వస్తుంది. భోజనం వల్లనే అనుకుంటాం కానీ, తినకపోయినా ఆ వేళకు కాస్త మత్తుగానే ఉంటుంది. మన మెదడులో, కళ్ల వెనక భాగాన, ఇరవై వేల చిల్లర నాడీకణాల గుంపు ఒకటి ఉంది. ఒంటికి గడియారం అదే. మధ్యాహ్నం దాటాక ఆ గడియారం మనల్ని మెలకువగా ఉంచే పట్టును కొంచెం సడలిస్తుంది. అప్పుడు ఓ ఇరవై, ముప్పై నిమిషాలు కునుకు తీస్తే బిందెలోంచి ఒక చెంబుడు నీళ్లు తీసినట్టు. ఒళ్లు తేలికపడుతుంది, రాత్రికి కావలసిన బరువూ మిగులుతుంది. అదే రెండు గంటలు పడుకుంటే గాఢ నిద్రలోకి జారుకుంటాం. లేచాక తల దిమ్ముగా ఉంటుంది. రాత్రికి బిందె బరువు చాలదు. పన్నెండైనా నిద్ర పట్టదు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే కథ.

అయితే ఇదే బిందెను ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. ఎవరికైనా రోజూ పట్టపగలే బిందె పొంగిపోతోందంటే, రాత్రి అది సరిగ్గా ఖాళీ కాలేదన్నమాట. ఎందుకు కాలేదు? ఇది అడిగేవాళ్లు తక్కువ. నేల తడిసిందని నేలను తిట్టేవాళ్లే ఎక్కువ.

మా నాన్నగారి గురించి చెప్తాను. నాకు తొమ్మిదో పదో ఏళ్లు. సెలవు రోజున మధ్యాహ్నం ఆయన పడుకుంటే ఇంట్లో మేమెవరం చప్పుడు చేయకూడదు. నన్ను కూడా పక్కన పడుకోబెట్టేవారు. నాకు నిద్ర వచ్చేది కాదు. కళ్లు మూసుకుని ఆయన గురక వింటూ పడుకునేవాణ్ణి. ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. ఇల్లంతా నిశ్శబ్దం. నేను వేళ్లమీద లెక్కపెట్టేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు... ఒక్కోసారి ఇరవై దాకా వెళ్లేది. అప్పుడు ఆయన పెద్దగా ఎగశ్వాస తీసి, ఇటునుంచి అటు తిరిగి, మళ్లీ గురక మొదలుపెట్టేవారు. నాకది ఆట. నిన్న ఇరవై, ఇవాళ ఇరవై రెండు అని మనసులో రాసుకునేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని నాకేం తెలుసు?

ఆయనకు బద్ధకస్తుడని పేరొచ్చింది. ఎక్కడ కూర్చున్నా కునికిపాట్లు. ఆడుకుందాం రమ్మంటే రారని నాకూ కోపంగా ఉండేది. కొన్నేళ్లకు షుగర్ బయటపడింది. పగలు పడుకుని పడుకుని తెచ్చుకున్నాడని అందరూ అన్నారు. నేనూ నమ్మాను.

నేను లెక్కపెట్టిన ఆ నిశ్శబ్దానికి ఒక పేరుంది, స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఇరవై సెకన్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువసేపు ఊపిరి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది. లేచిన సంగతి ఆ మనిషికే గుర్తుండదు. జబ్బు ముదిరితే గంటకు ముప్పైసార్లు, అంతకంటే ఎక్కువగా కూడా ఇలా జరుగుతుంది. అంటే రాత్రంతా ఎవరో బిందెను వంచబోవడం, మళ్లీ నిలబెట్టేయడం. ఇక అది ఖాళీ ఎప్పుడవుతుంది?

దీనికి సులువైన చికిత్స మా నాన్నగారి రోజుల్లో లేదు. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ అనే డాక్టరు, మాస్కు ద్వారా ముక్కులోకి మెల్లగా గాలి పంపి ఆ దారి మూసుకుపోకుండా ఉంచవచ్చని ప్రపంచానికి చెప్పాడు. అప్పటికి మా నాన్నగారు లేరు.

సరే, నిద్రకూ చక్కెరకూ సంబంధం ఏమిటి? ఒక పెద్ద మనిషి ఒంట్లో ఇంచుమించు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. అందులో కరిగి ఉండే చక్కెర ఎంతో చెప్పండి. ఒక్క చిన్న చెంచాడు. సుమారు ఐదు గ్రాములు. మీరు కడుపునిండా తిన్నా, పరుగెత్తినా, రాత్రంతా ఏమీ తినకుండా పడుకున్నా, శరీరం ఆ చెంచాను పెద్దగా ఎక్కువతక్కువలు కానివ్వదు. ఎవరూ చూడకుండా, ఎవరూ చెప్పకుండా, పుట్టిన దగ్గర్నుంచి సాగే కొలత ఇది. తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ కొలతను నిలిపేవాటిలో ముఖ్యమైనది క్లోమం తయారుచేసే ఇన్సులిన్. చక్కెరను లోపలికి తీసుకోమని కండరాలకు, దాచుకోమని కాలేయానికి కబురు పంపుతుంది. రాత్రి నిద్ర చెడితే ఒళ్లు ఏదో ఆపద వచ్చిందనుకుంటుంది. ఆపదలో పనికొచ్చే హార్మోన్లు రక్తంలోకి దిగి చక్కెరను పైకి లాగుతాయి. కండరాలేమో ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు. 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో పదకొండు మంది ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లను ఆరు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చి చూశారు. బాగా నిద్రపోయిన రోజులతో పోలిస్తే, వాళ్ల రక్తంలోంచి చక్కెర తగ్గే వేగం 40 శాతం దాకా మందగించింది. అదీ ఆరు రాత్రుల్లోనే!

పాపం ఆ అమ్మాయి చదివింది మాత్రం వేరే లెక్క అయి ఉంటుంది. 2016లో టోక్యో విశ్వవిద్యాలయం వాళ్లు అంతకుముందు జరిగిన పరిశోధనలు చాలా పోగుచేసి, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలు కలిపి చూశారు. పగలు గంటకు మించి పడుకునేవాళ్లలో రెండో రకం మధుమేహం, అంటే ఎక్కువగా పెద్దవాళ్లలో కనిపించే షుగర్, ఉండే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ అంకె చూసి బెదిరిపోకండి. మామూలుగా వందమందిలో పదిమందికి వచ్చే చోట పద్నాలుగు, పదిహేను మందికి వచ్చిందని దాని అర్థం. నలభై నిమిషాల లోపు కునుకుతో అలాంటి పెరుగుదలేమీ కనపడలేదు. (మీ తరగతిలో ఎవరికైనా చిన్నప్పటి నుంచే షుగర్ ఉంటే అది చాలావరకు మొదటి రకమే అయి ఉంటుంది. దానికీ నిద్రకూ సంబంధం అంటగట్టి ఆ పిల్లల్ని బాధపెట్టకండి.)

రెండూ కలిసి కనిపించాయంటే ఒకటి రెండోదాన్ని తెచ్చిందని కాదు. రాత్రి నిద్ర చెడినవాళ్లు పగలు పడుకుంటారు, వాళ్లకే షుగర్ కూడా ఎక్కువ వస్తుంది. కొందరిలో షుగర్ ముందే వచ్చేసి ఉంటుంది. ఒంట్లో నీరసం, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం, అందుకని పగలు నిద్ర. పొడుగాటి పగటి నిద్ర కూడా రాత్రిని చెడగొట్టి తన వంతు హాని కొంత చేస్తుండవచ్చు. అది పూర్తిగా తప్పులేనిదని నేను చెప్పను. అయితే మనం దాన్ని ముందుగా అడగాల్సింది "ఎందుకొచ్చావు?" అని. మా నాన్నగారిని ఎవరూ అలా అడగలేదు. కాబట్టి పగలు నిద్రపోయే మనిషిని చూసి బద్ధకమనే మాట వెంటనే అనకండి. నేను అన్నాను. అరవై ఏళ్లవుతోంది, ఇంకా మనసులోంచి పోలేదు.

మీ సంగతి కూడా ఒక్క మాట. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్లవాళ్లకు ఎనిమిది నుంచి పది. ఫోను చూస్తూ అర్ధరాత్రి దాకా మేలుకుని, బడి నుంచి రాగానే పడిపోతే మీ బిందెను మీరే తలకిందులు చేసుకున్నట్టు.

ఇప్పుడు నీకు, ఉత్తరం రాసిన అమ్మాయికి. నాన్నను లేపకు. లేచాక పక్కన కూర్చుని "రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదా నాన్నా?" అని అడుగు. వారమంతా అర్ధరాత్రి దాకా పని చేసి సెలవు రోజున ఆ లోటు తీర్చుకుంటున్నాడేమో. గురక ఉందా, మధ్యలో ఆగుతోందా, దాహం ఎక్కువగా ఉందా అన్నది అమ్మను గమనించమను. రాత్రులు మేలుకుని కాపలా కాసే పని నీది కాదు. వీటిలో ఏదైనా ఉందంటే ఒకసారి డాక్టరుకు చూపించుకుని, రక్తపరీక్ష చేయించుకోమని మెల్లగా చెప్పు. నువ్వు అడిగితే వెళ్తాడు. సాయంత్రం ఎండ తగ్గాక చెయ్యి పట్టుకుని నడకకు తీసుకెళ్లు. నడిచే కాళ్లు ఇన్సులిన్ పెద్దగా చెప్పకపోయినా రక్తంలోంచి చక్కెర తీసుకుంటాయి.

ఒక నోటుపుస్తకం తీసి, వారం రోజులు నువ్వు ఎన్నింటికి పడుకున్నావో, ఎన్నింటికి లేచావో, పగలు ఏ వేళకు కళ్లు మూతలు పడ్డాయో రాసి చూడు. నాన్నను కూడా రాయమను, పక్క పేజీలో. రెండు పేజీలూ నాకు పంపు.

మీ తాతయ్య