బుడమేరు నీళ్లు ఎటు పోవాలి?

విజయవాడ సింగ్‌నగర్‌లో ఎవరినైనా అడగండి, చెయ్యి ఛాతీ దాకా ఎత్తి "ఇంతవరకు వచ్చాయండీ" అంటారు. 2024 సెప్టెంబరు 1న వచ్చిన నీళ్లవి. కృష్ణవి కావు, బుడమేరువి.

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే వాగు ఇది. బెజవాడ దుఃఖదాయిని అని ఎప్పటి నుంచో పేరుంది. కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగు కాలువలా కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. దాని ఒడ్డునే ప్లాట్లు పడ్డాయి, ఇళ్లు లేచాయి, ఇంటి పన్నులూ వసూలయ్యాయి.

వరదను ఊరి మీదికి రానీయకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టారు. అక్కడి నుంచి డైవర్షన్ కాలువ నీళ్లను ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలపాలి. చిక్కల్లా ఒక్కటే. ఇక్కడ కుండపోత కురిసిన రోజున కృష్ణ కూడా నిండుగా ఉంటే కాలువ నీళ్లు నదిలోకి పోవు, వెనక్కి తంతాయి. 2024లో అదే జరిగింది. బ్యారేజీ నుంచి వదిలిన నీళ్లు రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిన ఆ వరదల్లోనే డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

ఇది కొత్త పాఠమేమీ కాదు. 2005లోనూ బుడమేరు ఊరిని ముంచింది. తర్వాత కాలువను వెడల్పు చేసే పనులు మొదలయ్యాయి, పూర్తి మాత్రం కాలేదు. పోలవరం కుడి కాలువ నీళ్లనూ ఇదే దారిలో కృష్ణకు పంపుతున్నారు. దిగువన కొల్లేటిలో 2006లో కొట్టేసిన చేపల చెరువులు మళ్లీ వెలిశాయి. అంటే నీళ్లకు పైనా ఇరుకే, కిందా ఇరుకే.

ఇక వాన సంగతి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. నెలంతా పడాల్సిన వాన రెండు రోజుల్లో పడే రోజులివి. వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2008లోనే వచ్చింది. అందులోని మాట వెలగలేరు దాకా రావాలంటే కాలువ కొలతలు, లేఅవుట్ అనుమతులు రేపటి వానల లెక్కన నిర్ణయించాలి. ఆ పని ప్రభుత్వం తప్ప ఇంకెవరూ చేయలేరు.

2024 వరద తర్వాత ఆపరేషన్ బుడమేరు అన్నారు, ఆక్రమణలు తొలగిస్తామన్నారు. సింగ్‌నగర్‌లో మా బంధువులు మాత్రం ఫ్రిజ్‌ను రెండు వరసల ఇటుకల మీదికి ఎక్కించారు. ఇన్వర్టర్‌ను గోడకు ఎత్తుగా బిగించుకున్నారు.