‘పళ్లు’ 470, ‘గ్రహం’ 13: పాత ఇంగ్లండ్‌లో చావులు, వైద్యం గురించి అపోహలు - వాస్తవాలు

1632లో లండన్‌లో ఎవరు దేనివల్ల పోయారో చెప్పే జాబితా ఒకటి ఇంటర్నెట్‌లో తరచూ చక్కర్లు కొడుతుంటుంది. ‘పళ్లు’ వల్ల 470 మంది, ‘గ్రహం’ వల్ల 13 మంది, ‘దుఃఖం’ వల్ల 11 మంది, ‘లైట్స్ పైకి లేవడం’ వల్ల 98 మంది. కింద నవ్వులు, వెక్కిరింతలు. నేను మెడికల్ స్టూడెంట్లకు వైద్య చరిత్ర చెబుతాను. ఏటా మొదటి క్లాసులో తెర మీద పెట్టేది ఆ జాబితానే. క్లాసంతా నవ్వుతుంది. నాకు నవ్వు రాదు. ఆ ఏడాది మట్టిలో కలిసిన 9,535 మంది ఆ ఒక్క పేజీలో ఉన్నారు. 1500 నుంచి 1750 దాకా ఇంగ్లండ్‌లో జనం ఎలా పోయారు, ఎలాంటి వైద్యం పొందారు అన్నదాని మీద నాకు మళ్లీ మళ్లీ వినిపించే అపోహలకు ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: చావుకు కారణాలు నోటికొచ్చినట్టు రాసేవారు

ఒక్కో మాటా విప్పి చూద్దాం. ‘లైట్స్’ అంటే దీపాలు కావు, ఊపిరితిత్తులు. మిగతా మాంసం కంటే తేలిగ్గా ఉంటాయని వచ్చిన పేరు. ఊపిరాడక, గొంతులోకి ఏదో తన్నుకొస్తున్నట్టు ఉండే స్థితిని అలా రాశారు. మనవాళ్లు ఎగఊపిరి అంటారే, అదే. ‘గ్రహం’ అంటే అప్పటిదాకా బాగున్న మనిషి ఉన్నట్టుండి పడిపోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం. ఏ గ్రహం తగిలిందో అనుకునేవారు. గ్రహపాటు అనే మాట మన ఇళ్లలో ఇంకా పోలేదు కదా. ‘కన్సంప్షన్’ అంటే ఒళ్లు కరిగిపోవడం, మన ‘క్షయ’కూ అర్థం అదే. దానికి 1,797 మంది పోయారు. ‘రాజుగారి రోగం’ అంటే గండమాల, మెడ దగ్గర గడ్డలు కట్టే జబ్బు. రాజు చేత్తో తాకితే నయమవుతుందని నమ్మారు కాబట్టి ఆ పేరు. రెండో చార్లెస్ తన పాలనలో తొంభై వేల మందికి పైగా అలా తాకాడు.

ఇక ‘పళ్లు’. పంటి నొప్పితో పోయినవాళ్లు కారు. పళ్లొచ్చే వయసులో పోయిన పసిపిల్లలు. తల్లిపాలు తగ్గించి వేరే తిండి మొదలుపెట్టేదీ ఆ వయసులోనే. విరేచనాలు, జ్వరం, ఫిట్స్ అప్పుడే వచ్చేవి. కంటికి కనిపించేది చిగుళ్ల వాపు, దానికే నేరం అంటగట్టారు. పిల్లాడికి విరేచనాలైతే ‘పళ్లొస్తున్నాయిలే’ అనే అమ్మమ్మలు మనకీ ఉన్నారు.

ఈ కారణాలు తేల్చింది డాక్టర్లు కారు. ప్రతి పారిష్‌లో, అంటే ఒక చర్చి కింద ఉండే పేటలో, ‘సెర్చర్లు’ అనే ఆడవాళ్లు ఉండేవారు. ఎక్కువగా వయసు మళ్లిన పేద వితంతువులు. చావు కబురు అందగానే ఇంటికెళ్లి శవాన్ని చూసి, ఇంట్లోవాళ్లను అడిగి, పారిష్ గుమాస్తాకు చెప్పేవారు. అతను పంపిన లెక్కలతో వారం వారం మరణాల పట్టిక అచ్చయ్యేది. తప్పులు లేవని కాదు. సుఖరోగంతో పోయిన మనిషిని క్షయ కింద రాయించడానికి లంచాలు నడిచేవని జాన్ గ్రాంట్ రాశాడు. ఈయన డాక్టరు కాదు, లండన్‌లో గుండీలు, దారాలు, లేసులు అమ్ముకునే వ్యాపారి. దశాబ్దాల పట్టికలు ముందేసుకుని కూర్చుని 1662లో ఒక చిన్న పుస్తకం వేశాడు. జనాభా లెక్కల శాస్త్రం అక్కడ మొదలైంది. చదువు లేని ఆ ముసలమ్మలు ఇల్లిల్లూ తిరగకపోతే గ్రాంట్ చేతిలో లెక్కే లేదు.

అపోహ: ముప్ఫై అయిదేళ్లకే అందరూ ముసలివాళ్లై పోయేవారు

క్లాసులో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే మాట ఇదే. సగటు ఆయుష్షు 35 నుంచి 40 ఏళ్ల మధ్య ఉండేదన్నది నిజం. కానీ అది సగటు. పుట్టిన నెలలోనే పోయిన బిడ్డనూ డెబ్బై ఏళ్ల తాతనూ కలిపి భాగిస్తే ముప్ఫై అయిదే వస్తుంది, ముప్ఫై అయిదేళ్లకు పోయినవాడు అందులో ఒక్కడూ లేకపోయినా. 1632 జాబితానే చూడండి. పసికందులు 2,268, కడుపులోనే పోయినవి, చచ్చి పుట్టినవి 445, ‘పళ్లు’ 470. మొత్తం చావుల్లో మూడో వంతు ఇక్కడే. నూరుమందిలో 36 మంది ఆరేళ్లు నిండకుండానే పోతున్నారని గ్రాంట్ లెక్కగట్టాడు. పాతికేళ్లు దాటిన మనిషికి మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్లకు పైగా బతుకు ఉండేది. అదే జాబితాలో ‘వృద్ధాప్యం’ కింద 628 మంది ఉన్నారు.

పన్నెండేళ్లకే పెళ్లిళ్లు అన్న మాట కూడా దీనికి తోకలా వస్తుంది. మామూలు జనంలో అమ్మాయిలు పాతికేళ్ల ప్రాంతంలో, అబ్బాయిలు ఇంకో రెండు మూడేళ్లు పెద్దయ్యాక పెళ్లాడేవారు.

అపోహ: వైద్యమంటే నెత్తురు తీయడమే

నెత్తురు తీశారు, చాలా తీశారు. కానీ ఎందుకు తీశారో తెలియకుండా వాళ్లను మూర్ఖులనడం తప్పు. ఒంట్లో నాలుగు రసాలు ఉంటాయి: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. వాటి పాళ్లు తప్పితే జబ్బు. ఇది గ్రీకుల సిద్ధాంతం. వాత పిత్త కఫాలు తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు. నిజానికి ఈ గ్రీకు వైద్యానికి వారసుడు మన దగ్గరే ఉన్నాడు. చార్మినార్ పక్కనున్న యునానీ ఆస్పత్రిలో హకీములు చెప్పే దమ్, బల్గం, సఫ్రా, సౌదా ఆ నాలుగు రసాలే. యునానీ అంటేనే గ్రీకుది అని. జ్వరంతో ముఖం ఎర్రబడి నాడి దడదడా కొట్టుకుంటుంటే రక్తం ఎక్కువైందనే అనుకున్నారు. ముక్కు నుంచి కాస్త నెత్తురు పోయాక తల దిమ్ము తగ్గడం వాళ్లు కళ్లారా చూసిందే. రక్తం ఒళ్లంతా చుట్టి తిరుగుతుందని విలియం హార్వే 1628లో రుజువు చేశాక కూడా కత్తి ఆగలేదు. చాలామందికి దానివల్ల మేలు కంటే కీడే జరిగింది, అందులో అనుమానం లేదు.

అతిగా వైద్యం జరిగింది డబ్బున్నవాళ్లకి. 1685 ఫిబ్రవరి 2 పొద్దున రెండో చార్లెస్ ఫిట్స్ వచ్చి పడిపోయాడు. వెంటనే చేతి నుంచి 16 ఔన్సుల రక్తం తీశారు. తర్వాత భుజాల మీద గాట్లు పెట్టి, గాజు కప్పులు బోర్లించి ఇంకో ఎనిమిది ఔన్సులు. వాంతులకు మందు, విరేచనాలకు ఎనీమాలు, తల గొరిగి బొబ్బలెక్కించే మందు, పాదాలకు పావురాల రెట్టతో పట్టీ, మనిషి పుర్రె నుంచి తీసిన సారం. చుట్టూ డజను మంది డాక్టర్లు. 6వ తేదీన పోయాడు. ఈ కథ చదివి అందరికీ ఇదే జరిగేదనుకుంటారు. పల్లెలో కూలివాడికి ఒక్క డాక్టరు మొహం కూడా కనిపించేది కాదు. 1600 ప్రాంతంలో లండన్ జనాభా రెండు లక్షలు, డాక్టర్ల సంఘమైన వైద్యుల కాలేజీలో ఫెలోలు, అంటే పూర్తి సభ్యులు, కొన్ని పదుల మంది మాత్రమే.

మరి వైద్యం చేసిందెవరు? ముందు ఇంట్లో ఆడవాళ్లు. తర్వాత ఇరుగుపొరుగు, మూలికలు తెలిసినవాళ్లు, మందుల దుకాణం నడిపే అపోతికరీ, గాయాలకు, గడ్డలకు బార్బర్ సర్జన్, అంటే క్షవరంతో పాటు కోతలూ కట్లూ చూసే మనిషి. మూలికలు తెలిసిన మామూలు మనుషులు పైపూత మందులు ఇవ్వొచ్చని ఎనిమిదో హెన్రీ కాలంలోనే చట్టం చేశారు. నికొలస్ కల్‌పెపర్ 1649లో కాలేజీవారి లాటిన్ మందుల గ్రంథాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చి పేదల చేతికిచ్చాడు. కాలేజీకి ఒళ్లు మండిపోయింది.

ఆ ఇల్లాళ్లు రాసుకున్న చేతిరాత పుస్తకాలు లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్‌లో బోలెడన్ని ఉన్నాయి. ఒక పేజీలో పచ్చడి, పక్క పేజీలో దగ్గు మందు. మందు చెప్పిన పక్కింటావిడ పేరు అంచున ఉంటుంది. పనిచేసిన మందు దగ్గర ‘ప్రొబాటమ్ ఎస్ట్’ అని లాటిన్‌లో రాసుకునేవారు, వాడి చూశాం అని. పనిచేయనిదాన్ని అడ్డంగా కొట్టేసేవారు. ఆ కొట్టివేత గీతలంటే నాకు ఎంతో గౌరవం. తల్లులు చేసిన ప్రయోగాల లెక్కలవి.

అపోహ: ప్లేగు డాక్టర్లు పక్షి ముక్కు ముసుగులతో లండన్ వీధుల్లో తిరిగారు, చివరికి అగ్నిప్రమాదం ప్లేగును కాల్చేసింది

ఆ ముసుగు ఫ్రాన్స్, ఇటలీల కథ. 1665 లండన్‌లో వాడారనడానికి నమ్మదగిన ఆధారం లేదు. ఆ ఏడాది పట్టికల్లో ప్లేగు చావులు 68,596. 1666 ఫిబ్రవరి నాటికే రాజు లండన్ తిరిగొచ్చేంతగా రోగం తగ్గింది. అగ్నిప్రమాదం జరిగింది సెప్టెంబర్‌లో. పైగా కాలింది ఎక్కువగా ప్రహరీ లోపలి నగరం. ప్లేగు ఎక్కువగా చంపింది ప్రహరీ బయటి పేదల పేటల్లో.

అపోహ: మంత్రసానులను మంత్రగత్తెలని కాల్చేశారు

ఇంగ్లండ్‌లో మంత్రగత్తెలన్న నేరానికి ఉరి వేశారు, కాల్చలేదు. మంత్రసానులు ఊరు నమ్మిన మనుషులు. బిషప్ దగ్గర ప్రమాణం చేసి లైసెన్స్ తీసుకునేవారు. కాన్పంటే చావే అన్నదీ నిజం కాదు. 1632లో లండన్‌లో బాప్టిజం అయిన పిల్లలు 9,584, కాన్పులో పోయిన తల్లులు 171. నూటికి ఇద్దరి లోపే. అయితే ఒక్కో తల్లి ఆరేడుసార్లు ఆ గండం దాటాలి.

అపోహ: ఆపరేషన్ అంటే చావే

1658 మార్చి 26. తర్వాత తన డైరీతో పేరుపొందిన లండన్ వాసి శామ్యూల్ పీప్స్‌కు అప్పటికి ఇరవై అయిదేళ్లు. మూత్రాశయంలో రాయితో ఏళ్ల తరబడి నరకం చూశాడు. మత్తు మందు వాడకంలోకి రావడానికి ఇంకా దాదాపు రెండు వందల ఏళ్లుంది. కాళ్లూ చేతులూ కట్టేసి, కదలకుండా మనుషులు పట్టుకుంటే సర్జన్ థామస్ హాలియర్ కోసి రాయి తీశాడు. టెన్నిస్ బంతి అంత ఉందట. పీప్స్ ఇంకో నలభై అయిదేళ్లు బతికాడు. రాయిని పెట్టుకోవడానికి ప్రత్యేకంగా పెట్టె చేయించుకున్నాడు, మార్చి 26న స్నేహితులకు విందు ఇచ్చేవాడు. సర్జన్లు గుండె, పొట్ట జోలికి పోలేదు. చేయగలిగింది ఏదో వాళ్లకు తెలుసు, దాన్ని నిమిషాల్లో ముగించడం నేర్చుకున్నారు. అదృష్టం లేనివాళ్లూ ఉన్నారు. 1632 జాబితాలో ‘రాయి కోసినందువల్ల’ అని అయిదుగురు కనిపిస్తారు.

అపోహ: మలేరియా వేడి దేశాల జబ్బు, ఇంగ్లండ్‌కు దానితో పని లేదు

కెంట్, ఎసెక్స్ తీరాల్లో, థేమ్స్ నది పక్క చిత్తడి నేలల్లో చలిజ్వరం తరతరాలుగా ఉంది. ‘ఏగ్యూ’ అనేవారు. బురద నేలల దగ్గర వస్తుందని సరిగ్గానే పట్టుకున్నారు, అయితే నేరం చెడు గాలి మీద మోపారు. దోమ ఒంట్లో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాద్‌లో. 1670ల్లో రాబర్ట్ టాల్బర్ అనే వైద్యుడు పెరూ దేశపు సింకోనా బెరడుతో ఈ జ్వరాన్ని తగ్గించి పేరు తెచ్చుకున్నాడు. డిగ్రీలున్న డాక్టర్లు ఆయన్ని నాటు వైద్యుడని తిట్టారు. మందు మాత్రం పనిచేసింది.

అపోహ: అంతమంది పిల్లలు పోతుంటే తల్లిదండ్రులు మనసు రాయి చేసుకున్నారు

చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట అంటారు. నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. జాన్ ఎవెలిన్ డెట్‌ఫర్డ్‌లో, థేమ్స్ ఒడ్డున కాపురముండేవాడు. కొడుకు రిచర్డ్ రెండున్నరేళ్లకే ఇంగ్లిష్, లాటిన్, ఫ్రెంచ్ చదివేవాడని డైరీలో రాసుకున్నాడు. 1658 జనవరిలో పిల్లాడికి నాలుగో రోజుకొకసారి తిరగబెట్టే చలిజ్వరం వచ్చింది. ఆరుసార్లు వచ్చింది. 27వ తేదీన పోయాడు. వయసు అయిదేళ్ల మూడు రోజులు. ‘నా జీవితంలో సంతోషం ఇక్కడితో సరి’ అని తండ్రి రాశాడు. దాదులు మంట పక్కన ఉయ్యాలలో పడుకోబెట్టి దుప్పట్ల మీద దుప్పట్లు కప్పి ఊపిరాడకుండా చేశారని కుమిలిపోయాడు. కారణం తెలియాలని, కన్నకొడుకు శరీరాన్ని డాక్టర్లు కోసి చూడటానికి ఒప్పుకున్నాడు. జనం ‘లివర్‌గ్రోన్’ అంటారే, అదని తేల్చారు. కాలేయం పెరిగిందని. 1632 జాబితాలో ఆ మాట ఎదురుగా 87 అని ఉంది.

మూడు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి 15న, పాలిచ్చే దాది దగ్గరున్న చిన్నకొడుకు జార్జ్ కూడా పోయాడు. ఏడు వారాలుగా తీసుకుంటున్నాడు, చివరికి ఒళ్లు నీరు పట్టింది. ఆ వేళ డైరీలో తండ్రి రాసిన కారణం: పళ్లు వస్తూ.