మందుకు లొంగని మెలనోమా: జన్యువుల్లో దొరికే ఆనవాళ్లు

2011లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన మూడు ఫొటోలను చూసినవారు వాటిని అంత సులభంగా మరచిపోలేరు. మూడింటిలోనూ ఉన్నది 38 ఏళ్ల వయసున్న ఒకే వ్యక్తి. మొదటి ఫొటోలో ఆయన ఒంటి నిండా చర్మం కింద మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డలు ఉబ్బి కనిపిస్తాయి. వెమురాఫెనిబ్ అనే మందును 15 వారాలు వాడాక తీసిన రెండో ఫొటోలో ఆ గడ్డలు దాదాపు మాయమయ్యాయి. 23 వారాలకు తీసిన మూడో ఫొటోలో అవి తిరిగి వచ్చాయి, అదీ చాలావరకు పాత చోట్లలోనే. చికిత్సకు ముందు తీసిన కణితి ముక్కలోనూ, వ్యాధి తిరగబెట్టాక తీసిన ముక్కలోనూ 138 జన్యువులను చదివి పోల్చిన పరిశోధకులకు రెండోదానిలో మాత్రమే ఉన్న ఒక మార్పు దొరికింది. అది మెక్1 అనే జన్యువులో ఉంది. విశేషమేమిటంటే, ఆ మందు అడ్డుకునేది మెక్1ను కాదు, దానికి పై మెట్టున ఉండే బీరాఫ్‌ను.

ఈ మెట్ల అమరిక తెలిస్తే తక్కిన కథంతా అర్థమవుతుంది. విభజన చెందమనే సంకేతం బయటి నుంచి అందినప్పుడు కణంలో రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రొటీన్లు ఒకదాని వెంట ఒకటి మేల్కొని ఆ కబురును కేంద్రకం దాకా చేరవేస్తాయి. పని ముగియగానే ఆ వరుస మొత్తం చల్లబడాలి. రాఫ్ ప్రొటీన్లలో ఒకటైన బీరాఫ్‌లో 766 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో 600వ స్థానంలో వాలీన్ ఉండవలసిన చోట గ్లుటమేట్ చేరితే ఆ ప్రొటీను పై నుంచి ఏ కబురూ రాకపోయినా నిరంతరం పనిచేస్తూనే ఉంటుంది. డీఎన్‌ఏలో ఇందుకు కారణం ఒకే ఒక్క అక్షరం: జీటీజీ అని ఉండవలసిన చోట జీఏజీ అని పడింది. బ్రిటన్‌లోని శాంగర్ ఇన్‌స్టిట్యూట్ నాయకత్వాన జరిగిన పరిశోధన 2002లో వెల్లడించిన ఈ ఉత్పరివర్తనానికి వి600ఇ అని పేరు. చర్మంపై పుట్టే మెలనోమాల్లో ఇంచుమించు సగం వాటిలో బీరాఫ్ దెబ్బతిని ఉంటుంది. అయితే ఇదే మార్పు ఎన్నడూ క్యాన్సర్‌గా మారని మామూలు పుట్టుమచ్చల్లో కూడా విరివిగా కనిపిస్తుంది కాబట్టి, అది ఒక్కటే క్యాన్సర్‌ను పుట్టించదని గుర్తుంచుకోవాలి.

ఆ ఒక్క అక్షర దోషాన్ని గురిచూసి తయారుచేసిన వెమురాఫెనిబ్‌కు అమెరికాలో 2011 ఆగస్టులో అనుమతి లభించింది. 675 మంది రోగులపై జరిగిన పరీక్షలో పాత కీమోథెరపీ మందుకు 5 శాతం మందిలో కణితులు గణనీయంగా కుంచించుకుపోగా, కొత్త మందుకు 48 శాతం మందిలో అలా జరిగింది. కానీ వ్యాధి మళ్లీ ముదరకుండా గడిచిన కాలపు మధ్యస్థ విలువ 5.3 నెలలే. బీరాఫ్‌తో పాటు మెక్‌ను కూడా అడ్డుకునే జంట మందులు వచ్చాక పరిస్థితి మెరుగుపడింది. డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ కలిపి వాడిన 563 మందిలో ఐదేళ్ల తరువాత 34 శాతం మంది జీవించి ఉన్నారు, 19 శాతం మందిలో వ్యాధి ముదరనే లేదు. ఇది చిన్న విజయం కాదు, అయినా ఎక్కువమందిలో మందు ఏదో ఒక దశలో ఓడిపోతూనే ఉంది.

మందు వాడడం వల్లనే కణం మారిపోయిందని అనుకోవడం సహజం. చాలా సందర్భాల్లో జరిగేది వేరు. ఒక ఘన సెంటీమీటరు కణితిలో పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా కణాలు ఉండగలవు. కణం విభజన చెందిన ప్రతిసారీ డీఎన్‌ఏ నకలు తీయడంలో కొన్ని తప్పులు దొర్లుతాయి కాబట్టి, మందును తట్టుకోగల మార్పు ఉన్న కణాలు కొన్ని మొదటి మాత్ర వేసుకోకముందే ఉండే అవకాశం ఎక్కువ. లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు 1943లోనే బ్యాక్టీరియాల విషయంలో ఈ సూత్రాన్ని నిరూపించారు. మందు తక్కిన కణాలన్నిటినీ తుడిచిపెట్టి, ఆ కొద్ది కణాలకు చోటు ఖాళీ చేసి ఇస్తుంది.

అలా మిగిలిన కణాల్లో దొరికే ఆనవాళ్లు అనేకం. కొన్నింటిలో పై మెట్టున ఉన్న రాస్ ప్రొటీన్లలో ఒకదాన్ని తయారుచేసే ఎన్‌రాస్ జన్యువు మారుతుంది. కొన్నింటిలో దెబ్బతిన్న బీరాఫ్ జన్యువుకే అదనపు ప్రతులు తయారై, మందు అణువులకు మించిన సంఖ్యలో ప్రొటీన్లు పుడతాయి. మరికొన్నింటిలో జన్యువు నకలైన ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కత్తిరించి అతికే దశలో బీరాఫ్‌లో ఒక భాగం జారిపోయి, మిగిలిన పొట్టి ప్రొటీన్లు జంటలుగా అతుక్కుని మందు పట్టు నుంచి తప్పించుకుంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనూ కొన్ని రక్త క్యాన్సర్లలోనూ మందు అతుక్కునే గుంటలోనే కొత్త ఉత్పరివర్తనం వచ్చి మందును తోసివేయడం తరచుగా చూస్తాం. మరో చర్మ క్యాన్సర్ అయిన బేసల్ సెల్ కార్సినోమాలో విస్మోడెగిబ్ మందుకు ఎదురయ్యే నిరోధకత (మందుకు లొంగకపోవడం) కూడా ఎక్కువగా ఆ కోవలోదే, అక్కడ మందు పట్టుకోవలసిన ఎస్‌ఎంఓ ప్రొటీను ఆకారమే మారుతుంది. బీరాఫ్ మెలనోమాలో మాత్రం అది అరుదు. ఇక్కడ కణం ఆ గుంటను అలాగే ఉంచి, పక్క దారుల గుండా తిరిగి ఎర్క్ దగ్గరకే చేరుకుంటుంది. ఒకే రోగి శరీరంలో ఒక గడ్డ ఒక దారిని, మరో గడ్డ ఇంకో దారిని పట్టిన ఉదాహరణలు కూడా ఉన్నాయి. ఒకే చోట నుంచి తీసిన ముక్కను పరీక్షించి మొత్తం వ్యాధిపై తీర్పు చెప్పడం ఎంత కష్టమో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఈ పరిశోధనల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం ఒకటుంది. మందుకు అలవాటుపడిన కొన్ని మెలనోమా కణాలు దాన్ని ఆపివేసినప్పుడు ఎర్క్ సంకేతం మితిమీరి, ఆ ఉధృతిని భరించలేక చనిపోతున్నాయని 2013లో ఎలుకలపై చేసిన ప్రయోగాలు చూపించాయి. మందును కొన్నాళ్లు ఇచ్చి కొన్నాళ్లు ఆపితే నిరోధకత ఆలస్యమవుతుందన్న ఆశ అక్కడ పుట్టింది. తర్కం నిర్దుష్టంగా ఉంది, ఎలుకల్లో ఫలితమూ బాగుంది. రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడినప్పుడు అంతా తలకిందులైంది: జంట మందులను ఆపకుండా వాడినవారిలో వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం 9 నెలలైతే, ఆపి ఆపి వాడినవారిలో అది 5.5 నెలలే. జన్యు ఆనవాలు ఎంత స్పష్టంగా ఉన్నా, దాన్ని ఆధారం చేసుకుని చికిత్సను మార్చే ముందు మనుషుల్లో పరీక్షించి తీరాలని ఈ ఒక్క ఉదాహరణ చాలు ఒప్పించడానికి.

రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పే చికిత్సల (ఇమ్యునోథెరపీ) దగ్గర ఆనవాళ్ల జాబితా పూర్తిగా వేరు. పీడీ-1 అనే బ్రేకును తొలగించే మందులు కణితిని నేరుగా తాకవు, క్యాన్సర్ కణాలను చంపగల టీ కణాలు అనే రోగనిరోధక కణాలకు స్వేచ్ఛనిస్తాయి. ఆ మందులకు మొదట బాగా స్పందించి, తరువాత వ్యాధి తిరగబెట్టిన నలుగురి కణితులను పరిశీలించిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. ఇద్దరిలో జాక్1 లేదా జాక్2 జన్యువు పనికిరాకుండా పోయింది, అంటే టీ కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా హెచ్చరిక క్యాన్సర్ కణానికి వినిపించడం మానేసింది. మూడో రోగిలో దెబ్బతిన్నది బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్. కణం తన లోపలి ప్రొటీన్ల ముక్కలను ఉపరితలం మీద ప్రదర్శించే హెచ్‌ఎల్‌ఏ అణువుకు ఇదే ఊతం. ఊతం లేకపోతే ప్రదర్శన ఆగిపోతుంది, టీ కణం పక్కనే ఉన్నా శత్రువును గుర్తించలేదు. నాలుగో రోగిలో అలాంటి స్పష్టమైన కారణం కనబడలేదు.

ఆ నాలుగో రోగి వంటివారే మరో ప్రశ్నకు దారితీస్తారు. నిరోధకత అంతా డీఎన్‌ఏ అక్షరాల్లోనే ఉండనక్కరలేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో చూపినట్లు, జన్యుపరంగా తేడా లేని మెలనోమా కణాల్లోనే అతి కొద్ది కణాలు తాత్కాలికంగా కొన్ని జన్యువులను ఎక్కువగా పలికిస్తూ ఉంటాయి. మందు సరిగ్గా ఆ సమయంలో తగిలితే అవి బతికిపోతాయి, ఆపై ఆ తాత్కాలిక స్థితి క్రమంగా స్థిరపడుతుంది. అందువల్ల పరీక్ష నివేదికలో ఏ ఉత్పరివర్తనమూ లేదంటే మందు తప్పక పనిచేస్తుందని అర్థం కాదు.

నేడు వైద్యుడి నిర్ణయాన్ని నిజంగా మార్చే జన్యు పరీక్షల్లో బీరాఫ్ పరీక్షదే మొదటి స్థానం. బీరాఫ్ మార్పు ఉందని తేలినంత మాత్రాన బీరాఫ్ మందుతోనే చికిత్స మొదలుపెట్టాలని కూడా లేదు. డ్రీమ్‌సెక్ అనే పరీక్షలో బీరాఫ్ మార్పు ఉన్న రోగులకు ముందుగా ఇమ్యునోథెరపీ ఇచ్చిన వర్గంలో రెండేళ్ల తరువాత 71.8 శాతం మంది జీవించి ఉండగా, ముందుగా జంట మాత్రలు ఇచ్చిన వర్గంలో 51.5 శాతం మందే మిగిలారు. ఇక అరచేతుల్లో, అరికాళ్లలో, గోళ్ల కింద పుట్టే మెలనోమాల్లో బీరాఫ్ మార్పు తక్కువగానే ఉంటుంది కాబట్టి వాటి దారి వేరు.

చికిత్స సాగుతుండగా కణితి రక్తంలోకి విడిచే డీఎన్‌ఏ తునకలను కొలవడం ఇప్పుడు సాధ్యమే. శరీరంలో చెదిరి ఉన్న గడ్డలన్నిటి తునకలూ ఒకే గొట్టంలో దొరకవచ్చు, స్కానింగ్‌లో వ్యాధి కనిపించకముందే వి600ఇ మోతాదు పెరగడం కొందరిలో తెలిసిపోతుంది. మెలనోమా తరచుగా వ్యాపించే మెదడులోనే పెరుగుతున్న గడ్డ మాత్రం రక్తంలోకి చాలా తక్కువ డీఎన్‌ఏను విడుస్తుంది. అందుకే రక్త పరీక్ష ఎంత శుభ్రంగా వచ్చినా, అలాంటి రోగికి మెదడు స్కాన్ తప్పదు.